ఇస్త్రీ చేసిన చేతులు

మా పెద్దమ్మ ఇస్త్రీ చేయని బట్టను ఎవరి చేతికీ ఇవ్వదు. చిన్నపిల్లాడి నిక్కరుకు కుట్టు ఊడితే నాలుగు పోగులు వేసి ఇచ్చే పనైనా సరే, తడిగుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టె లాగి, మడత పెట్టి, అప్పుడే కౌంటరు మీద పెడుతుంది. తొందరగా వెళ్లాలి, అలాగే ఇచ్చేయండమ్మా అని ఎవరైనా అన్నారంటే ఆవిడకు ఒళ్లు మండుతుంది. వాళ్లను పైనుంచి కిందికి ఒకసారి చూసి, పెట్టె ఇంకా నిదానంగా లాగుతుంది. ఈ అలవాటే ఆవిడ కొంప ముంచింది. కొందరు రోగం అంటారు, కొందరు డాక్టర్లు అంటారు, కొందరు ఖర్మ అని ఊరుకుంటారు. ఎవరేమన్నా సరే, ఆవిడ పక్క మిషను మీద కాజాలు కుట్టేది నేను, ఆవిడతో ఒకే ఇంట్లో ఉండేది నేను. జరిగింది నాకు తెలుసు.

బస్టాండు వెనక వీధిలో కింద మందుల షాపు, పైన మా టైలరింగ్ షాపు. కోట్లు, ప్యాంట్లు, బడులు తెరిచే ముందు స్కూలు యూనిఫారాలు. మెట్లెక్కి లోపలికి రాగానే సగం గదిని ఆక్రమించుకుని కటింగ్ బల్ల ఉంటుంది. గోడవారగా మిషన్లు. మిషన్ల మీద ఆడవాళ్లం కూర్చుంటాం, బల్ల దగ్గర మగవాడు నిలబడతాడు. ఎవరు పెట్టిన రూలో తెలియదు కానీ షాపు పుట్టిన దగ్గర్నుంచీ అంతే. పెద్దమ్మకు మిషన్ల వరస నుంచి ఆ బల్ల దగ్గరికి చేరడానికి సగం జీవితం పట్టింది. బట్ట కోసే పాత మాస్టరుకు చూపు మందగించాక, ఆయన గీసిన గీత మీద ఈవిడ కత్తెర నడిపేది. కొన్నాళ్లకు గీత కూడా ఈవిడే గీసేది, పేరు మాత్రం ఆయనదే. ఆయన మానేసిన వారమే ఒక హోటలు వాళ్ల కోట్ల ఆర్డరు వచ్చి మీద పడింది. కొత్త మాస్టరు కోసం ఓనరు వీధులన్నీ గాలిస్తుంటే, ఈవిడ సుద్ద తీసుకుని గీసి, కోసి, కట్టలు కట్టి మా మిషన్ల ముందు పడేసింది. ఒక్క కోటు కూడా తిరిగి రాలేదు. అప్పట్నుంచీ షాపులో ఆవిడ పేరు మాస్టరమ్మ.

ఆవిడ కత్తెర ఇనుముది, బరువైనది, ఓ చంటిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఎత్తుకోవాలి. బొటనవేలు పెట్టే చోట మెత్తగా ఉండాలని లైనింగ్ గుడ్డ చుట్టుకుంది. దాన్ని మేమెవరం ముట్టుకోం. ఒకసారి నేను దారం కత్తిరించబోతే చేతి మీద ఒక్కటిచ్చింది, కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తెర తప్పితే ఏం చేస్తావే అని. ఆ తర్వాత ఆ దెబ్బకు బదులుగా నాకు టీ తెప్పించింది. అదీ ఆవిడ వరస.

రోగం చడీచప్పుడు లేకుండా వచ్చింది. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకునేవి కావు. పని ఎక్కువైందనుకుంది, ఏదో మందు రాసుకుంది. ఆ తర్వాత వేళ్ల మొదళ్లు రెండు చేతులకీ ఒకే తీరున ఉబ్బాయి. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. ఇక్కడి డాక్టరు చూసి, ఇది నా వల్ల కాదు, పెద్దాసుపత్రికి వెళ్లమన్నాడు. అక్కడ తేల్చారు, కీళ్లవాతం అని. వయసుతో వచ్చే అరుగుదల వేరు, ఇది వేరట. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే పొరబడి సొంత కీళ్ల మీద పడి తినేస్తుందట. వదిలేస్తే ఎముకనే కొరికేస్తుంది, సరిగ్గా చూసుకుంటూ మందు మార్చుకుంటూ పోతే ఆపొచ్చు అన్నారు. పెద్దమ్మ అడిగింది ఒక్కటే, కత్తెర పట్టుకోవచ్చా అని. మందు వాడినంతకాలం పట్టుకోవచ్చు అన్నారు.

పెద్దాసుపత్రి అంటే తెల్లవారక ముందే బస్సెక్కాలి. ఎగుడుదిగుడు రోడ్డు, విరిగిన సీటు, మధ్యలో దిగడానికి ఒక్కచోటే ఆపుతాడు. ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చుంటే దిగేసరికి పెద్దమ్మ చేతులు బూరెల్లా ఉబ్బి ఉండేవి. అక్కడ ఒక పెద్దావిడ డాక్టరు ఉండేది. నవ్వడం అనే అలవాటు లేని మనిషి. గుమ్మంలోకి రాగానే చెయ్యి చాపేది. మొదటిసారి పెద్దమ్మ అది మర్యాద అనుకుని మురిసిపోయి తన చెయ్యి ఇచ్చింది. ఆ డాక్టరు ఇక వదలలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు ఒక్కో కణుపూ నొక్కుకుంటూ పోయింది. నొప్పి ఉందా అని అడగదు, నొక్కేటప్పుడు ముఖం చూస్తుంది. దాన్ని బట్టి మాత్ర పెంచుతుంది, తగ్గిస్తుంది, కసురుతుంది. పెద్దమ్మ ఆవిడకు గయ్యాళి అని పేరు పెట్టింది. వెనక్కి వచ్చే బస్సులో దారి పొడుగునా తిట్టేది. కానీ ఆ గయ్యాళి చేతుల్లో ఉన్నన్నాళ్లూ కత్తెర నిక్షేపంగా నడిచింది.

ఆ డాక్టరు రిటైరైంది. ఆవిడ చోట్లో కుర్ర డాక్టరు వచ్చాడు. అదే సమయానికి ఆసుపత్రి వాళ్లు వీడియో కాల్ మొదలుపెట్టారు. ఇంత దూరం ఎందుకు పడి రావడం, ఇంట్లో కూర్చుని డాక్టరుతో మాట్లాడొచ్చు అని కౌంటరులో అమ్మాయి మాకు అరచేతిలో వైకుంఠం చూపించింది. నేను అబద్ధం చెప్పను, ఆ రోజు మా ఇంట్లో అందరం సంతోషించాం. ఆ బస్సు ప్రయాణం నుంచి ఆవిడకు విముక్తి దొరికింది అనుకున్నాం. ఆ వీడియోతో బాగుపడ్డ వాళ్లూ ఉన్నారు. కింద మందుల షాపాయన తల్లి మంచం దిగలేని మనిషి, ఆవిడకు ఆ ఫోనే ప్రాణం నిలబెట్టింది. ఓనరు అయితే తన సొంత జబ్బు నయమైనట్టు పొంగిపోయాడు. ఆసుపత్రికి వెళ్లిన రోజూ, వచ్చి పడుకున్న మర్నాడూ బల్ల ఖాళీగా ఉండటం ఆయనకు కంటికి కునుకు పట్టనిచ్చేది కాదు.

అందరికంటే ఎక్కువ సంబరపడింది మా బావ. బావ అంటే పెద్దమ్మ అల్లుడు. మా అక్క పొద్దున్నే ఉద్యోగానికి పోతుంది కాబట్టి ఇంట్లో అత్తగారి మంచిచెడ్డలు చూసుకునేది ఆయనే. మంచివాడు, అత్తగారిని కళ్లలో పెట్టుకుని చూస్తాడు. వీధి చివర ఫొటో స్టూడియో నడుపుతాడు. ఆయన దృష్టిలో లోకంలో ఉన్న పాపాలన్నిటికీ మూలం నీడ. ముక్కు కింద నీడ పడకూడదు, కళ్ల కింద నీడ పడకూడదు. ఆయన చేతిలో పడితే ముసలివాళ్లు ఓ పదేళ్లు వెనక్కి వెళ్లి బయటికొస్తారు. అలాంటివాడు అత్తగారి వీడియో కాల్‌ను ఊరికే వదులుతాడా? స్టూడియో నుంచి గొడుగు లైట్లు తెచ్చి అటొకటి ఇటొకటి పెట్టాడు. వెనక తెల్లగుడ్డ కట్టాడు. ఫోను స్టాండుకు బిగించాడు. అత్తయ్య చేతులు పెట్టడానికి ఎదురుగా చిన్న బల్ల, దాని మీద ఇంకో తెల్లగుడ్డ.

పెద్దమ్మ తన వంతు తను చేసింది. కాల్ ఉన్న రోజు పొద్దున ఇస్త్రీ పెట్టె వేడి చేసేది. పాత పంచెగుడ్డ తడిపి, దాని మీద పెట్టె లాగి, పొగలు కక్కుతున్న ఆ గుడ్డను రెండు చేతులకూ చుట్టుకుని కూర్చునేది. చల్లారితే మళ్లీ తడిపి మళ్లీ లాగేది. బిగుసుకుపోయిన వేళ్లు ఒక్కొక్కటీ వదులయ్యేవి. నొప్పి మాత్ర ఒకటి ముందే వేసుకునేది. గోళ్లు తీసుకునేది, నూనె రాసి తుడుచుకునేది. తీరా కాల్ వచ్చే వేళకు ఆ చేతులు కౌంటరు మీద పెట్టిన కొత్త చొక్కాల్లా ఉండేవి.

మొదటిసారి చూసినప్పుడే నేను అడిగాను. డాక్టరు చూడాల్సింది బాగోలేని చేతులనే కదా, వాటిని ఇలా సింగారించడం ఎందుకని. ఆవిడ గుడ్డలోంచి చేతులు తీయకుండానే నా వైపు చూసింది.

"ఒకరి ముందు పెట్టేటప్పుడు తీర్చి పెట్టాలే. ముడతలు పడ్డది పెడతానా?"

"అది బట్ట పెద్దమ్మా. ఇది రోగం."

"నువ్వు నీ కాజాలు చూసుకో."

నాకు తెలుసు, అది ఒక్క అలవాటు మాత్రమే కాదు. లోపల భయం ఉంది. డాక్టరు నోట్లోంచి బాగోలేదు అనే మాట వస్తే, పని తగ్గించమంటాడు. ఆ మాట ఓనరు చెవిన పడితే బల్ల పోతుంది. ఓనరు అప్పటికే కరెంటుతో నడిచే కటింగ్ మిషను గురించి ఎవరెవరితోనో మాట్లాడుతున్నాడు. బల్ల పోతే ఆవిడ మళ్లీ మిషన్ల వరసలోకి వచ్చి కూర్చోవాలి. ఆ వేళ్లతో మిషను మీద సూదిలోకి దారం కూడా ఎక్కదు. అంటే ఎక్కడికీ పనికిరాదు. అందుకే ఆవిడకు మందు కంటే ముందు బాగుంది అనే మాట కావాలి.

కుర్ర డాక్టరు మర్యాదస్తుడు. అమ్మా అనే పిలుపుతోనే మొదలుపెట్టేవాడు. నొప్పి పదిలో ఎంత అని అడిగేవాడు. జీవితమంతా టేపు మెడలో వేసుకుని తిరిగిన మనిషికి నొప్పిని ఎక్కడ నుంచి ఎక్కడికి కొలవాలో తెలియలేదు, అయినా కొలత అడిగాక చెప్పకపోతే పరువు తక్కువ. రెండు అనేది. ఒక్కోసారి ఒకటిన్నర అనేది, నడుము చుట్టుకొలత చెప్పినట్టు. చేతులు చూపించమంటే చూపించేది. పిడికిలి బిగించమంటే పంటి బిగువున బిగించేది, ముఖం మీద గీత పడనిచ్చేది కాదు. ఆ ముఖం మీద గీత పడినా బావ లైటు మింగేసేది. వాపు అనేది నీడ ఉంటేనే తెలుస్తుంది. నున్నటి వెలుగులో ఉబ్బిన కణుపూ మామూలు కణుపూ ఒకేలా ఉంటాయి. చాలా బాగుందమ్మా, అవే మాత్రలు కొనసాగించండి అనేవాడు డాక్టరు. ఒకసారి బావను కూడా మెచ్చుకున్నాడు, ఇంత స్పష్టంగా ఎవరి వీడియో రాదండీ, అందరూ ఇలా చూపిస్తే మా పని సగం తగ్గుతుంది అని. బావ ఆ వారమంతా గాల్లో తేలాడు. స్టూడియోకు వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

పై మెట్టు ఎక్కగానే ఓనరు అడిగేవాడు, డాక్టరు ఏమన్నారు మాస్టరమ్మా అని. బాగుందన్నారు అని ఆవిడ కత్తెర అందుకునేది. ఆయన గంగిరెద్దులా తలూపి తన లెక్కల్లోకి వెళ్లిపోయేవాడు. ఆవిడకూ బావకూ ఓనరుకూ, ముగ్గురికీ ఆ ఒక్క మాటతో కడుపు నిండిపోయేది.

ఒకసారి రక్తపరీక్షలో ఏదో ఎక్కువ వచ్చింది. జలుబు గానీ జ్వరం గానీ చేసిందా అమ్మా అని డాక్టరు అడిగాడు. చేసిందండి అని ఈవిడ వెంటనే ఒప్పుకుంది. ఇంట్లో ఒక్క తుమ్ము విన్నవాళ్లు లేరు. అయినా ఒకసారి వచ్చి కనిపిస్తే మంచిది అన్నాడాయన. బడుల సీజను అవ్వగానే వస్తానండి అంది. సీజను అయిపోయింది. ఈవిడ వెళ్లలేదు, ఆయన మళ్లీ అడగలేదు. ఆయన తెర మీద ఈవిడ వెనక వరసలో ఎంతమంది ఉన్నారో, ఎన్ని చేతులు చూశాడో. అందులో అందంగా ఉన్న చేతులు గుర్తుంచుకుని బెంగపెట్టుకునే తీరిక ఎవరికుంటుంది?

షాపులో మాత్రం నా కళ్ల ముందే కత్తెర బరువెక్కుతూ వచ్చింది. మొదట కుడిచేత్తో నడిపి ఎడంచేత్తో తోసేది. ఆ తర్వాత మేమంతా టీ తాగడానికి కిందికి వెళ్లినప్పుడే దళసరి బట్టలు కోసేది. బొటనవేలి చోట చుట్టిన గుడ్డ మీద ఇంకో చుట్టు, దాని మీద ఇంకో చుట్టు పడింది. వేళ్లు నాలుగూ చిటికెన వేలి వైపు వాలడం మొదలుపెట్టాయి. మా పనిలో బట్ట మీద మచ్చ ఉంటే దాన్ని పారేయరు, అది కుట్టు లోపలికి పోయేలా పరిచి కోస్తారు. కస్టమరు జన్మలో కనిపెట్టలేడు. వీడియోలో పెద్దమ్మ తన వేళ్లను అలాగే పరిచేది. రెండు చేతులూ పక్కపక్కన దగ్గరగా పెట్టి, వాలిన వైపు కనపడకుండా ఒకదాని అంచు కిందికి ఇంకోదాన్ని తోసేది. ఇంట్లో నేను నోరెత్తితే అన్నం మానేసి కూర్చునేది. బావకు చెబితే, మరి డాక్టరే బాగుందంటున్నాడు కదా అనేవాడు.

ఆ ఏడాది బడులు తెరిచే ముందు యూనిఫారాల బట్ట దొంతరలుగా వచ్చింది. పెద్దమ్మ మడతలు వేసి, పైన గీత గీసి, కత్తెర దింపింది. చొక్కా ముందు భాగాలు అవి. సగం దూరం బాగానే వెళ్లింది. మెడ ఒంపు దగ్గర కత్తెర నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మూయడానికి ఆవిడ చేతిలో బలం లేదు. ఎడమ అరచెయ్యి పైన పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కింది. కత్తెర మూసుకుంది, గీత మీద మాత్రం కాదు. అడ్డంగా జారి అన్ని పొరలనూ భుజం దాకా చీల్చుకుంటూ పోయింది.

మిషన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. పెద్దమ్మ ఏడవలేదు. కోసిన అంచుల్ని దగ్గరకు చేర్చి, చేత్తో నిమిరి, నా వైపు తిరిగింది.

"ఆ తడిగుడ్డ ఇలా ఇవ్వవే."

ఇస్త్రీ చేస్తే అతుక్కుంటుందన్నట్టు. నేను ఇవ్వలేదు. ఓనరు వచ్చి, ఒక పొర ఎత్తి చూసి, ఇంకో పొర ఎత్తి చూసి, ఏమీ అనకుండా బయటికి వెళ్లి ఫోను చేసుకున్నాడు. కరెంటు మిషను గురించే అని మా అందరికీ అర్థమైంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు తెల్లవారక ముందే ఆవిడను లేపాను. ఇస్త్రీ పెట్టె ముందురోజే పక్కింట్లో పెట్టేసి వచ్చాను. చేతులు చూసుకుని, ఇలాగే రమ్మంటావా అని అడిగింది. ఇలాగే రా అన్నాను. నొప్పి మాత్ర కూడా వేసుకోనివ్వలేదు. కఠినంగానే ప్రవర్తించాను, అందుకు నాకేమీ బాధ లేదు. బావ కూడా మాతో వచ్చాడు. అదే బస్సు, అదే రోడ్డు, అదే కడ్డీ. దిగేసరికి ఆవిడ చేతులు బొబ్బట్లు కాలినట్టు ఎర్రగా, ఉబ్బి, వేళ్లు ఒక పక్కకు పడిపోయి ఉన్నాయి. ఆ రోడ్డును ఇన్నేళ్లు తిట్టుకున్నాం. డాక్టరు దగ్గరికి రోగాన్ని ఉన్నదున్నట్టు మోసుకెళ్లింది ఆ పాడు రోడ్డేనని నాకు అప్పుడు తట్టింది.

కుర్ర డాక్టరు నేను అనుకున్న దానికంటే చిన్నవాడు. కళ్ల కింద నిద్రలేని చారలు. పెద్దమ్మను చూసి గుర్తుపట్టి లేచి నవ్వాడు, చేతుల వైపు చూశాక ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది. దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఒక్కో కణుపూ నొక్కాడు. గయ్యాళి నొక్కినట్టే నొక్కాడు, అదే వరసలో, ముఖం చూస్తూ. పని తెలిసినవాడే. ఇన్నాళ్లూ ఆయన చేతికి ఆ చెయ్యి అందలేదు, అంతే. పెద్దమ్మ పళ్లు బిగించింది కానీ ఈసారి గీతలన్నీ ముఖం మీదే ఉన్నాయి.

ఎక్స్‌రే తీయించాడు. అది పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎముకల చివరలు చెదలు కొట్టినట్టు ఉన్నాయి. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు, కనీసం రెండేళ్ల నుంచి లోపల తింటూనే ఉంది అన్నాడు. నమ్మకం కుదరక కంప్యూటరులో పాత వీడియోలోంచి దాచుకున్న బొమ్మ ఒకటి తీసి మా వైపు తిప్పాడు. తెల్లగుడ్డ మీద పక్కపక్కన రెండు చేతులు. ఎక్కడా నీడ లేదు. బావ ఆ వెలుగును గుర్తుపట్టాడు. ఆయన ముఖం నెత్తురు చుక్క లేనట్టు పాలిపోయింది.

"ఇన్నాళ్లూ ఒక్కసారైనా రావాల్సింది కదమ్మా," అన్నాడు డాక్టరు.

"వస్తూనే ఉన్నాను కదండీ," అంది పెద్దమ్మ. "ఫోన్లో."

ఆ తర్వాత ఆవిడే చెప్పింది, తడిగుడ్డ సంగతి, పెట్టె సంగతి, మాత్ర సంగతి. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు చెప్పలేదు, పనివిధానం వివరించినట్టు చెప్పింది. డాక్టరు బల్ల వైపు చూస్తూ విన్నాడు. పొద్దున లేవగానే ఎలా ఉంటాయో చూపించమని నేనూ అడగలేదు అన్నాడు, మాతో కాదు, ఆ బల్లతో. నాకు ఆయన మీద అరవాలని ఉంది. పెద్దమ్మ మీద అరవాలని ఉంది. బావను ఆ గొడుగు లైట్లతో సహా వీధిలో నిలబెట్టాలని ఉంది. ఎవరి ముఖం చూసినా ఆ కోపం అక్కడ నిలబడటం లేదు.

కొత్త ఇంజెక్షన్లు రాశాడు. నొప్పి పోతుంది, వాపు పోతుంది, ఇక ముందుకు తినకుండా ఆగుతుంది, తిన్నది మాత్రం తిరిగి రాదు అన్నాడు. పెద్దమ్మ అంతా విని, కత్తెర అంది. ఆయన ఆవిడ చెయ్యి ఇంకోసారి తీసుకుని చూశాడు, వద్దమ్మా అన్నాడు. బయటికొచ్చాక కౌంటరులో అమ్మాయి తల ఎత్తకుండానే, తర్వాతిసారి ఇంత దూరం రానక్కర్లేదు, వీడియో పెట్టాను అంది.

తిరుగు బస్సులో బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడని తెలిసింది. పెద్దమ్మ ఆ వంకర వేళ్లతోనే ఆయన వీపు నిమిరింది. "నీ తప్పేముంది నాయనా, నువ్వు బాగానే తీశావు," అంది. ఆ మాటతో ఆయన ఇంకా కుంగిపోయాడు.

మందు పనిచేసింది. అదే నా కడుపుమంట. పనిచేయకపోయి ఉంటే, ఎప్పుడు ఇచ్చినా ఇంతే కదా అని సరిపెట్టుకునేవాళ్లం. కొన్ని నెలల్లో వాపు దిగింది. పొద్దున్నే గ్లాసు పట్టుకుంది. నిద్రలో మూలగడం మానేసింది. రెండేళ్ల ముందు ఇదే మందు ఇదే చేతికి అంది ఉంటే ఆ వేళ్లు నిలువుగా ఉండేవి. ఇప్పుడు నొప్పి లేదు, వంకర ఉంది.

ఓనరు ఆవిడను పొమ్మనలేదు, ఆ మాత్రం న్యాయం చెప్పుకోవాలి. ఇస్త్రీ పని ఇచ్చాడు. పెట్టె పిడిని వేళ్లతో పట్టుకోనక్కర్లేదు, అరచేత్తో ఆనించి తోస్తే చాలు. బల్ల దగ్గర ఇప్పుడు ఒక మగవాడు నిలబడి కరెంటు మిషను నడుపుతున్నాడు. ఆ రొదకు మాకు ఒకరి మాట ఒకరికి వినబడదు. ఇనుప కత్తెర గోడ మేకుకు వేలాడుతోంది. దాన్ని ఎవరూ వాడటం లేదు, చుట్టిన గుడ్డలో ఇంకెవరి బొటనవేలూ పట్టదు.

మొన్న మళ్లీ వీడియో కాల్ వచ్చింది. ఈసారి పొద్దున లేవగానే పెట్టమని డాక్టరే అడిగాడు. బావ స్టూడియో లైటు ఒక్కటే తెచ్చి, గదిలో ఎక్కడ పెట్టాలో తోచక దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఎటువైపు పెట్టను అత్తయ్యా అని అడిగాడు. పక్కన పెట్టు, నీడ పడనీ అంది పెద్దమ్మ. తెల్లగుడ్డ కూడా తీసేయించి, చేతులు ఒకదానికొకటి దూరంగా, వేళ్లు ఎటు వాలాయో అటే వదిలేసి పెట్టింది. డాక్టరు దగ్గరగా వంగి చూశాడు. పక్క నుంచి పెట్టండి, తిప్పండి అని ఈసారి అన్నీ అడిగాడు. వాపు ఎక్కడా లేదమ్మా, చాలా బాగుంది అన్నాడు. నిజమే చెప్పాడు. అవునండీ, బాగుంది అని ఈవిడా నిజమే చెప్పింది.

షాపుకు వెళ్లాం. ఆవిడ తన మూలకు వెళ్లి చొక్కా పరిచి నీళ్లు చిలకరించింది. కటింగ్ మిషను రొద ఆగిన క్షణం చూసి ఓనరు లెక్కల్లోంచి తలెత్తాడు.

"డాక్టరు ఏమన్నారు మాస్టరమ్మా?"

"బాగుందన్నారు," అని పెద్దమ్మ అరచెయ్యి ఆనించి ఇస్త్రీ పెట్టె తోసింది.